వాట్ల సంగతి తర్వాత, ముందు డబ్బా మూయండి

మూడంగుళాల స్పీకరు ఒకటి తీసుకుని, డబ్బా గిబ్బా ఏమీ లేకుండా ఓ చిన్న యాంప్లిఫయరుకి తగిలించి పాట పెట్టండి. గొంతు వినిపిస్తుంది, తాళాల గలగల వినిపిస్తుంది, డ్రమ్ము మోత మాత్రం ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు అరమీటరు అట్టముక్కకి నడిమధ్యలో కోను పట్టేంత రంధ్రం కోసి, అదే స్పీకరుని వెనకనుంచి ఆ రంధ్రానికి గట్టిగా ఆనించి పట్టుకోండి. వాల్యూమ్ ముట్టుకోవద్దు. మోత తిరిగొస్తుంది. అట్ట తీస్తే పోతుంది, పెడితే వస్తుంది. యాంప్లిఫయరు అదే, స్పీకరు అదే, పాట అదే.

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయరుకి సొంతంగా స్పీకర్లు చేసుకోవాలనుకునేవాళ్లు సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే ఈ రెండు నిమిషాల పని చేయాలని నా పట్టుదల. ఎందుకంటే ఈ విషయం మీద దొరికే సూచనల్లో పది వంతుల్లో తొమ్మిది వంతులు యాంప్లిఫయరు గురించే ఉంటాయి. ఏ చిప్పు, ఎన్ని వాట్లు, ఎక్కడ టంకం పెట్టాలి. చివర్లో ఒక ముక్క: "దీన్ని ఏదైనా డబ్బాలో పెట్టండి." ఆ 'ఏదైనా' అన్న మాట దగ్గరే సగం స్పీకర్లు పాడవుతున్నాయి.

అట్టముక్క చేసిన పని ఏమిటో చూద్దాం. కోను ముందుకి జరిగినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. నొక్కుకున్న గాలికి ఆ పలచబడ్డ చోటు పక్కింటి దూరంలో ఉంది. కోను అంచు చుట్టి వెళ్తే చాలు, చెల్లుకు చెల్లు. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి 100 హెర్ట్జ్ (సెకనుకి వందసార్లు ఊగే) మోతకి ఒక్కో అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. మూడంగుళాల స్పీకరు అంచు చుట్టి వెనక్కి పోవడానికి పది సెంటీమీటర్ల దారి కూడా లేదు. అల ఇంకా మొదలైనట్టే లెక్క, అప్పుడే ముందూ వెనకా కలిసిపోయాయి. 5000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు ఏడు సెంటీమీటర్లే. దానికి చుట్టు తిరిగే తీరిక ఉండదు, ముందుకి దూసుకుపోతుంది. తాళాలు మిగిలి డ్రమ్ము మాయమవడానికి కారణం ఇదే.

ఇది కొత్త సంగతేమీ కాదు. గొట్టం (హార్న్) లేకుండా కాయిలు, కోనుతో పనిచేసే స్పీకరు గురించి జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో రాసినప్పుడే, ముందు గాలినీ వెనక గాలినీ వేరుచేసే పలక అవసరం గురించి చెప్పారు. ఈ రోజుకీ ప్రతి స్పీకరుకీ అదే మొదటి పని. మనం తయారుచేసేది నిజానికి ఆ అడ్డుగోడనే. కోనూ కాయిలూ కంపెనీవాడు చేసి పంపుతాడు, చిప్పు ఇంకొకడు చేసి పంపుతాడు. మన చేతిలో ఉన్న భాగం గోడ ఒక్కటే. దాన్నే నిర్లక్ష్యం చేస్తే ఇక మనం చేసిందేమిటి?

ప్లేయరు నుంచి నేరుగా స్పీకరుకి

స్పీకరుని నేరుగా ప్లేయరు జాకుకే తగిలించొచ్చు కదా? ఈ ప్రశ్న ముందు తేల్చేద్దాం. 1979లో వచ్చిన మొదటి సోనీ వాక్‌మన్‌కి స్పీకరే లేదు, రెండు హెడ్‌ఫోన్ జాకులు ఉండేవి. ఇద్దరు వినొచ్చు, గది మొత్తం వినడం దాని పని కాదు. ఆ తర్వాత వచ్చిన ప్లేయర్లలో చాలావాటిదీ అదే దారి. హెడ్‌ఫోన్ జాకు నుంచి వచ్చేది పదుల మిల్లీవాట్లే, అదీ 16 నుంచి 32 ఓముల ఇయర్‌ఫోన్లని దృష్టిలో పెట్టుకుని.

లెక్క ప్రకారం 20 మిల్లీవాట్లు మరీ తీసిపారేయాల్సిందేమీ కాదు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ పలికే స్పీకరుకి 20 మిల్లీవాట్లు ఇస్తే 68 వస్తుంది. మనుషులు మాట్లాడుకునేంత సద్దు అన్నమాట. మంచం పక్కన పెట్టుకుంటే సరిపోవాలి. కానీ ఆ 20 మిల్లీవాట్లు 4 ఓముల స్పీకరు దాకా చేరవు. 32 ఓములకి తగ్గట్టు కట్టిన సర్క్యూట్‌ని 4 ఓములు తగిలించి ఎనిమిదింతల కరెంటు అడిగితే వోల్టేజి కుంగిపోతుంది, శబ్దం గీరుకుపోతుంది. పాత ప్లేయర్లలో అయితే ఇంకో చిక్కు. బయటికొచ్చే దారిలో కెపాసిటరు ఉంటుంది. అది 100 మైక్రోఫారడ్‌లది అనుకుందాం. 32 ఓములకి 50 హెర్ట్జ్ దాకా వదిలే ఆ కెపాసిటరే 4 ఓములు తగిలించగానే 400 హెర్ట్జ్ కింద కోసేయడం మొదలుపెడుతుంది. డబ్బాలో ఎంత పొదిగినా ఇక మోత రాదు.

ఇయర్‌ఫోన్లని గ్లాసులో పడేసి పాట పెంచుకునే చిట్కా సరదాకి బాగానే ఉంటుంది. గ్లాసు పై స్థాయుల్ని (ఎక్కువ హెర్ట్జ్ శబ్దాల్ని) పోగుచేసి ఒకవైపు తోస్తుంది. లేని బాసుని పుట్టించదు.

కాబట్టి యాంప్లిఫయరు కావాలి. కాకపోతే అందరూ చెప్పేంత పెద్దది అక్కర్లేదు.

మూడు వాట్లు అనే అబద్ధం

చిన్న స్పీకర్లకి ఇప్పుడు అందరూ వాడేది పీఏఎమ్ 8403 అనే క్లాస్-డి (కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ శబ్దాన్ని పెంచే రకం) చిప్పు. బొటనవేలి గోరంత బోర్డు, రెండు ఛానళ్లు, 2.5 నుంచి 5.5 వోల్టుల మధ్య పనిచేస్తుంది, వేడెక్కదు. మంచి చిప్పు, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదు దాని మీద రాసే "3 వాట్లు + 3 వాట్లు" అనే అంకె మీద. 5 వోల్టుల సరఫరాతో, 4 ఓముల స్పీకరుకి, ఒక్క చుక్క నష్టం లేకుండా శుభ్రమైన అల పంపిస్తే వచ్చే గరిష్ఠం ఎంతో కాగితం మీదే తెలుస్తుంది: అయిదుని అయిదుతో గుణించి, ఎనిమిదితో (4 ఓములకి రెట్టింపు) భాగిస్తే 3.1 వాట్లు. అసలు చిప్పులో నష్టాలు ఉండక తప్పదు. అంటే మూడు వాట్ల దగ్గరికి వచ్చేసరికి అల తల తెగిపోయి ఉంటుంది. తయారీదారు పత్రంలో కూడా ఆ మూడు వాట్లు 10 శాతం వక్రీకరణ దగ్గర కొలిచినవే.

ఇదే లెక్క ఇంకో మేలు చేస్తుంది. లిథియం సెల్లు 3.7 వోల్టులతో నేరుగా నడిపితే అదే సూత్రానికి 1.7 వాట్లు వస్తాయి. అయిదు వోల్టులకి పెంచే బూస్ట్ మాడ్యూలు మధ్యలో పెడితే మనకి లాభించేది దాదాపు రెండున్నర డెసిబెల్స్. శ్రద్ధగా వింటే తప్ప తేడా తెలియదు. దానికి బదులు ఆ మాడ్యూలు తన సన్నని కీచుని పాటలో కలుపుతుంది, బ్యాటరీలో కొంత తనే తినేస్తుంది. నేనైతే బూస్ట్ తీసి పక్కన పెడతాను. రెండున్నర డెసిబెల్స్ కావాలంటే అంత ఎక్కువ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో పలికే డెసిబెల్స్) ఉన్న స్పీకరు వెతుక్కోవడం మేలు. 84 డెసిబెల్స్ స్పీకరుకి బదులు 90ది తీసుకుంటే యాంప్లిఫయరుని నాలుగింతలు చేసినట్టే, బ్యాటరీకి ఒక్క రవ్వ కూడా భారం పడకుండా.

ఈ బోర్డుతో చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. రెండు స్పీకర్ల నెగటివ్ తీగల్నీ ఒకే తీగకి కలిపి గ్రౌండుకి కట్టేయడం. ఇయర్‌ఫోన్ తీగల అలవాటు అది. ఈ చిప్పులో ప్రతి స్పీకరుకీ ప్లస్, మైనస్ రెండు కొసల్నీ చిప్పే నడుపుతుంది. మైనస్ అంటే గ్రౌండు కాదు. కలిపితే చిప్పు మొరాయిస్తుంది, లేదా కాలిపోతుంది. ఎడమకి రెండు తీగలు, కుడికి రెండు, మొత్తం నాలుగూ విడివిడిగానే పోవాలి.

చిప్పు కాళ్లు కనబడేలా, ఎందుకు పనిచేస్తోందో తెలిసేలా చేసుకోవాలనుకునేవాళ్లకి ఎల్ఎమ్ 386 ఇప్పటికీ బాగుంటుంది. ఎనిమిది కాళ్లు. 3కి వాల్యూమ్ నుంచి వచ్చే సిగ్నలు, 2, 4 గ్రౌండుకి, 6కి సరఫరా, 5 నుంచి 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు గుండా స్పీకరుకి. 220 పెట్టినా పాడుతుంది, కానీ 8 ఓముల స్పీకరుకి 90 హెర్ట్జ్ దగ్గరే కోత పడుతుంది, 4 ఓములదైతే 180 దగ్గర. అయిదో కాలు నుంచి గ్రౌండుకి 10 ఓముల రెసిస్టరు, 0.047 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు వరసగా. ఇవి లేకపోతే చిప్పు చెవికందని స్థాయిలో ఊగిపోతూ వేడెక్కొచ్చు. ఆరో కాలుకి ఆనుకునే 220 మైక్రోఫారడ్‌లది ఒకటి, 0.1ది ఒకటి సరఫరాకీ గ్రౌండుకీ మధ్య. వీటిని బద్ధకించి దూరంగా పెడితే డుగ్‌డుగ్‌మని పడవ ఇంజను చప్పుడు వినిపిస్తుంది.

ఇక 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు పెట్టమని చాలా బొమ్మల్లో కనిపిస్తుంది. పెట్టొద్దు. ఆ రెండూ ఖాళీగా ఉంటే చిప్పు సిగ్నలుని 20 రెట్లు పెంచుతుంది, కెపాసిటరు పెడితే 200 రెట్లు. ప్లేయరు జాకులోనుంచి అర వోల్టు వస్తోంది. ఇరవై రెట్లంటే పది వోల్టులు, సరఫరానే అంత లేదు. రెండువందల రెట్లు మైకులకి. ప్లేయరుకి పెడితే మిగిలేది బుసబుసా, గరగరా. సరఫరాకి తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ కూడా వద్దు, డ్రమ్ము పడ్డ ప్రతిసారీ కుంగుతుంది. మామూలు పెన్సిల్ సెల్లులు ఆరు వరసగా కడితే అవే తొమ్మిది వోల్టులు, గట్టిగా నిలబడతాయి.

యాంప్లిఫయరు గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేమీ లేదు. పాట వచ్చిందని సంబరపడిపోతే ఇల్లలకగానే పండగ అనుకున్నట్టే.

స్టీరియో మోజు

ఒక చిన్న డబ్బాలో ఒకటిన్నర అంగుళం స్పీకర్లు రెండు పక్కపక్కన పెట్టి స్టీరియో అంటారు. పదిహేను సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండింటినీ మీటరు దూరం నుంచి వింటే చెవికి దాదాపు ఒకే చోటి నుంచి వస్తున్నట్టుంటుంది. ఆ రెండింటి బదులు మూడంగుళాలది ఒక్కటి పెట్టండి. ఒకటిన్నర అంగుళం స్పీకరులో కదిలే కోను వైశాల్యం ఎనిమిది చదరపు సెంటీమీటర్ల పరిసరాల్లో ఉంటుంది, మూడంగుళాలదానిది 28 పరిసరాల్లో. రెండు కలిపినా దానికి సాటిరావు. బాసు దగ్గర ఈ వైశాల్యమే ప్రాణం, ఎందుకంటే స్థాయి, అంటే హెర్ట్జ్, సగానికి దిగితే అంతే గట్టిగా పలకడానికి కోను నాలుగింతలు కదలాలి. 200 హెర్ట్జ్ దగ్గర అర మిల్లీమీటరు ఊగేది 100 దగ్గర రెండు మిల్లీమీటర్లు ఊగాలి. చిన్న కోనుకి అంత చోటు లేదు.

ఒకే స్పీకరు పెట్టుకున్నప్పుడు ఎడమ, కుడి తీగల్ని మెలిపెట్టి కలిపేయకూడదు. ప్లేయరులోని రెండు ఛానళ్లూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎడమ తీగకి ఒక 1 కిలోఓమ్ రెసిస్టరు, కుడి తీగకి ఒకటి పెట్టి, వాటి అవతలి కొసల్ని కలిపి యాంప్లిఫయరుకి ఇవ్వాలి. ప్లేయరు జాకులో దూర్చే పిన్నులో కొస ఎడమ, మధ్య ఉంగరం కుడి, మొదలు గ్రౌండు. పాత ఇయర్‌ఫోన్ తీగ కోసి వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆ సన్నని పోగులకి రంగు పూత ఉంటుంది. పూత పోయేదాకా వేడి టంకంలో ముంచి ఉంచితేనే అంటుకుంటుంది, లేకపోతే పైకి అంటినట్టే ఉండి పలకదు.

నిజంగా స్టీరియో కావాలంటే రెండు డబ్బాలు చేయండి, మీటరు ఎడంగా పెట్టండి. చేసే పని రెండింతలవుతుంది, అంతే.

డబ్బా

1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరుతో చూపించిన ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. గాలి చొరబడకుండా మూసిన డబ్బాలో గాలే స్ప్రింగులా పనిచేస్తుంది. కోను లోపలికి వస్తే గాలి తోస్తుంది, బయటికి పోతే లాగుతుంది. డబ్బా చిన్నదైతే స్ప్రింగు గట్టిది, పెద్దదైతే మెత్తనిది. ఎంత డబ్బా కావాలన్నది స్పీకరు చెప్పాలి, మన అల్మారాలో ఉన్న డబ్బా కాదు.

స్పీకరుకి సంబంధించిన మూడు అంకెలతో దీన్ని లెక్కగట్టొచ్చని నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ చూపించారు. స్పీకరు ఒంటరిగా ఎక్కువగా ఊగే స్థాయి ఒకటి, ఆ ఊగుడు ఎంత తొందరగా అణుగుతుందో చెప్పే క్యూ ఒకటి, దాని స్ప్రింగుతో సమానమైన గాలి ఎన్ని లీటర్లో ఒకటి. ఉదాహరణకి 110 హెర్ట్జ్, 0.6, 1.2 లీటర్లు అనుకుందాం. డబ్బా 1.5 లీటర్లయితే 1.2ని 1.5తో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే 1.34. ఆ సంఖ్యతో మొదటి రెండింటినీ గుణించాలి. 148 హెర్ట్జ్, 0.8. చక్కగా ఉంది, క్యూ 0.7 దగ్గర అన్నిటికంటే సాఫీగా ఉంటుంది. అదే స్పీకరుని అరలీటరు డబ్బాలో ఇరికిస్తే గుణకం 1.84, స్థాయి 203కి ఎగబాకుతుంది, క్యూ 1.1 అవుతుంది. అంటే 200 దగ్గర మూపురం లేస్తుంది. ప్రతి పాటా ఒకే ఊఁ అనే శబ్దంతో వినిపిస్తుంటే ఆ మూపురమే కారణం. దాన్నే బాసు అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

అంకెల పత్రం లేని స్పీకరుకి కూడా దారి ఉంది. ఫోనులో టోన్ జెనరేటర్ యాప్ పెట్టి, జాకు నుంచి 100 ఓముల రెసిస్టరు గుండా స్పీకరుకి ఇచ్చి, స్పీకరు కాళ్ల మధ్య వోల్టేజిని మీటరుతో చూడండి. 200 మిల్లీవోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరు కావాలి. 50 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి పోతుంటే అంకె పెరుగుతూ పోయి ఒకచోట తిరగబడుతుంది. ఆ శిఖరమే స్పీకరు సొంత స్థాయి. తర్వాత అదే స్పీకరుని కచ్చితంగా ఒక లీటరు పట్టే డబ్బా మూతికి గాలి పోకుండా బిగించి మళ్లీ కొలవండి. 110 కాస్తా 163 అయిందనుకోండి. 163ని 110తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేస్తే 1.2. మూడో అంకె అదే, లీటర్లలో. క్యూ కనుక్కోవడం ఇంకాస్త పెద్ద పని. అది లేకపోయినా మూడంగుళాల స్పీకరుకి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు అనుకుంటే చాలావరకు దెబ్బతినరు.

9 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క నార నొక్కి చేసిన పలకతో) ఒకటిన్నర లీటర్ల డబ్బాకి కొలతలివి: ముందు, వెనక పలకలు 12.8 సెంటీమీటర్ల వెడల్పు, 17.8 ఎత్తు. పక్క పలకలు రెండు, 9 వెడల్పు, 17.8 ఎత్తు. పైదీ కిందదీ 11 వెడల్పు, 9 లోతు, ఇవి పక్క పలకల మధ్యలో కూర్చుంటాయి. లోపల 11, 16, 9 సెంటీమీటర్లు వస్తుంది, అయస్కాంతం తినేది పోగా ఒకటిన్నర లీటర్లు మిగులుతుంది. చదరంగా, అన్ని వైపులా సమానంగా చేయకండి. 16 సెంటీమీటర్ల ఎత్తులో శబ్దం పైకీ కిందకీ కొట్టుకుంటూ 1070 హెర్ట్జ్ దగ్గర నిలబడిపోతుంది. మూడు కొలతలూ ఒకటే అయితే మూడు దిక్కులా ఒకే స్థాయిలో నిలబడి, పాడే గొంతు కుండలోంచి వస్తున్నట్టుంటుంది. ఎండీఎఫ్ కోసేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి, ఆ పొడి మంచిది కాదు.

రంపం పనికి జంకేవాళ్లకి 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం అన్నిటికంటే మంచి దారి. లోపలి వ్యాసం పదిన్నర సెంటీమీటర్ల లోపు, 20 సెంటీమీటర్ల ముక్క కోస్తే 1.7 లీటర్లు. గుండ్రంగా ఉన్నది ఉబ్బదు, కుంగదు. చదును పలక కంటే గొట్టం గోడ ఎన్నో రెట్లు గట్టిది. బలహీనత రెండు కొసల్లో ఉండే మూతలు. స్పీకరు బిగించే మూతకి లోపలివైపు ప్లైవుడ్ వలయం ఒకటి అతికించకపోతే మూత కూడా కోనుతోపాటు పాడుతుంది. వెనక మూతకి కూడా ఒక ప్లైవుడ్ బిళ్ల అతికించేయండి.

ఇంట్లో దొరికే డబ్బా వాడాలని ఉంటే వేలి కణుపుతో తట్టి చూడండి. టక్ అంటే వాడుకోవచ్చు. టంగ్‌మనో డొల్లగానో మోగితే ఆ మోత ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. పలచని ప్లాస్టిక్ డబ్బాలూ రేకు డబ్బాలూ ఇక్కడే ఓడిపోతాయి. అట్టపెట్టె మొదటి ప్రయత్నానికి పరవాలేదు, మూడు పొరలు, ఒక్కో పొర గాడి అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి వచ్చేలా అతికిస్తే.

గాలి కారే చోట్లలో మొదటిది తీగ బయటికొచ్చే రంధ్రం. అందరూ పలకల అతుకులకి జిగురు దట్టంగా పూస్తారు, తీగ రంధ్రాన్ని మర్చిపోతారు. తీగ లాగాక రెండు వైపులా హాట్ గ్లూ నింపండి. అతుకుల లోపలి మూలల్లో ఇంకోసారి జిగురు గీత లాగి వేలితో అదమండి. స్పీకరు అంచు కింద మూడు మిల్లీమీటర్ల మెత్తని ఫోమ్ టేపు. సిలికాన్ వాడితే, వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది. అది ఒక రోజంతా తెరిచిపెట్టి ఆరాకే స్పీకరు బిగించాలి.

లోపల దిండులో నింపే పాలియెస్టర్ దూది, లీటరుకి పది గ్రాముల చొప్పున, అంటే ఈ డబ్బాకి పదిహేను గ్రాములు. విడదీసి వదులుగా పరచండి, కుక్కొద్దు, కోను వెనక భాగానికి తగలనివ్వొద్దు. ఆ కొట్టుకునే 1070 హెర్ట్జ్‌ని అది మింగుతుంది, పైగా డబ్బా కొద్దిగా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది.

గొట్టం పెట్టి బాసు పెంచే పోర్టు డబ్బా సంగతి? సూత్రం తేలికే. 1.5 లీటర్ల డబ్బాని 100 హెర్ట్జ్‌కి శ్రుతి చేయాలంటే రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం గొట్టం ఎనిమిది సెంటీమీటర్ల పొడవు. కానీ స్పీకరు అంకెలు తెలియకుండా పెడితే ఒక్క స్వరమే ఉబ్బుతుంది. పైగా శ్రుతి చేసిన స్థాయికి కింద గాలి స్ప్రింగు మాయమై కోను పట్టపగ్గాల్లేకుండా ఊగుతుంది. మొదటి డబ్బా మూసినదే చేయండి.

పలకలేనిదాన్ని అడగొద్దు

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, చిన్న స్పీకరులో బాసు బాగుండాలంటే కింది బాసుని కోసేయాలి. 148 హెర్ట్జ్ డబ్బాకి 50 హెర్ట్జ్ పంపితే అది వినిపించదు, కానీ కోనుని అటూ ఇటూ ఈడుస్తుంది, బ్యాటరీని తింటుంది, అదే సమయంలో పాడుతున్న గొంతుని వణికిస్తుంది. ఎల్ఎమ్ 386 ముందు 10 కిలోఓముల వాల్యూమ్ పెట్టినవాళ్లు దానికి ముందు 0.1 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ఒకటి చేరిస్తే 160 హెర్ట్జ్ కింద మెల్లగా తగ్గుతూ పోతుంది. మరీ పలచన అనిపిస్తే 0.22 పెట్టండి, కోత 70కి దిగుతుంది. కోను ఊగుడు తగ్గిందని కంటికే కనిపిస్తుంది, వాల్యూమ్ ఇంకో రెండు గీతలు తిప్పినా గీరదు.

సెల్లు, చార్జరు

18650 అనే లిథియం సెల్లు, దానికి టీపీ 4056 చార్జింగ్ బోర్డు. బోర్డు మీద బ్యాటరీకి రెండు, లోడుకి వేరే రెండు కొసలు ఉన్న రకమే తీసుకోండి, దాంట్లోనే రక్షణ చిప్పు ఉంటుంది. యాంప్లిఫయరు లోడు కొసలకే కట్టాలి. ఆ బోర్డు ఒక ఆంపియరుతో చార్జి చేస్తుంది. పాత ప్లేయరులోంచి తీసిన చిన్న సెల్లుకి అది ప్రమాదం. బోర్డు మీద ఉన్న 1.2 కిలోఓముల రెసిస్టరుని 5 కిలోఓములకి మారిస్తే 250 మిల్లీయాంపులకి తగ్గుతుంది. సెల్లు మీద నేరుగా టంకం పెట్టొద్దు, హోల్డరు వాడండి. సగటున 150 మిల్లీయాంపులు లాగితే 2500 మిల్లీయాంప్-అవర్ సెల్లు పదహారు గంటలొస్తుంది.

చెడినప్పుడు

గాయకుడి గొంతు మాయమై వెనక వాయిద్యాలూ ప్రతిధ్వనీ మాత్రం లోతుగా, దూరంగా వినిపిస్తుంటే స్పీకరుని అనుమానించకండి. పిన్నులో గ్రౌండు తీగ ఊడింది. ఎడమ, కుడి మధ్య తేడా మాత్రమే మిగిలింది, రెండింటిలోనూ సమానంగా ఉన్న గొంతు కొట్టుకుపోయింది. నాలుగు ముక్కల పిన్ను ఉన్న తీగ కోసినవాళ్లకి మైకు ముక్కని గ్రౌండు అనుకుంటే ఇదే జరుగుతుంది. అందులో గ్రౌండు సాధారణంగా మూడో ముక్క.

రెండు డబ్బాలు చేశాక బాసు పలచగా, గొంతు ఎక్కడా నిలవకుండా ఉంటే ఒకదాని తీగలు తిరగబడ్డాయి. ఒకటిన్నర వోల్టుల సెల్లుని స్పీకరు కాళ్లకి ఒక్క క్షణం తాకించండి, యాంప్లిఫయరు తీగలు విప్పాకే. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోను ముందుకి దూకాలి. రెండూ ఒకేవైపు దూకేలా చూసుకోండి.

ప్లేయరునీ యాంప్లిఫయరునీ ఒకే యూఎస్‌బీ చార్జరు మీద పెట్టగానే కీచు మొదలైతే అది గ్రౌండు చుట్టూ తిరిగే గోల. రెండింటిలో ఒకటి బ్యాటరీ మీదికి మార్చండి, ఆగిపోతుంది. కుదరకపోతే మధ్యలో 600 ఓముల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు, ఛానలుకి ఒకటి.

ఇక అన్నీ సరిగ్గా ఉండీ ఎక్కడో జుయ్‌మంటుంటే టోన్ యాప్ మళ్లీ తీసి 80 నుంచి 300 హెర్ట్జ్ దాకా నిదానంగా పోనివ్వండి. జుయ్ పుట్టిన చోట ఆపి, ఒక్కో పలకా ఒక్కో స్క్రూ వేలితో నొక్కుతూ రండి. తడి వేలిని అతుకుల దగ్గర తిప్పితే కారే గాలి చల్లగా తగులుతుంది. కోనుని రెండు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కితే విడిగా ఉన్నప్పటికంటే బిగుతుగా, గాలి దిండు మీద వేలు పెట్టినట్టు ఉండాలి. అది కూడా బాగానే ఉంటే స్పీకరు విప్పి లోపల చూడండి. చాలాసార్లు దొరికేది లోపలి తీగే. పొడవు మిగిలిపోయి కోను వెనక్కి ఆని ఉంటుంది. దూది కింద దాన్ని పలకకి ఒక చుక్క జిగురుతో అతికించి, ఫోమ్ టేపు సరిచూసుకుని మళ్లీ బిగించండి.